కండ సరే.. దమ్ము ఉందా?

హెవీవెయిట్ బాక్సర్లు పోటీకి ముందు రెండు మూడు నెలల పాటు ఒంటిని ఎలా సిద్ధం చేసుకుంటారు? ఏం తింటారు, ఎంత విశ్రాంతి తీసుకుంటారు? వాళ్లను చూసి మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఏమిటి? పొరపాటున కూడా చేయకూడనిది ఏమిటి?

ఓపీ రద్దీగా ఉన్న ఒక సోమవారం. ఒకావిడ ఇరవై ఒక్కేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. "వీడికి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు డాక్టరు గారూ. గుండె దడదడలాడుతోందంటాడు. చేతులు చూడండి, కాఫీ గ్లాసు కూడా నిలకడగా పట్టుకోలేకపోతున్నాడు" అన్నారు.

కుర్రాడు చూడ్డానికి బాగానే ఉన్నాడు. సన్నటి నడుము, చొక్కాలోంచి తెలిసే భుజాలు. కానీ నాడి చూస్తే నిమిషానికి 130కి పైనే కొట్టుకుంటోంది. అరచేతులు వెచ్చగా, చెమటతో తడిగా ఉన్నాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంటే తొడలు వణికాయి.

రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా తేలింది. మెడ దగ్గర గ్రంథి మాత్రం మామూలుగానే ఉంది. అనుమానం వచ్చి, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ సమస్య ఉందా అని అడిగాను. "నాకుందండీ. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటా. ఈమధ్య డబ్బా నెల తిరక్కుండానే అయిపోతోంది. ఎందుకో అర్థం కాలేదు" అన్నారు ఆ తల్లి. కుర్రాడు తల దించుకున్నాడు.

జిమ్‌లో ఎవరో చెప్పారట, ఆ మాత్రలు వేసుకుంటే కొవ్వు త్వరగా కరుగుతుందని. అడిగితే ఫోన్ తీసి ఒక హెవీవెయిట్ బాక్సర్ ఫొటో చూపించాడు. "పోటీకి ముందు వీళ్లు ఇలా తయారవుతారు సార్. నాకూ అలా కావాలని.." అన్నాడు.

నేను తిట్టలేదు. సరిగ్గా ఇలాంటి తప్పే చేసిన మరో బాక్సర్ గురించి చెప్పాను. ఆయన పేరు మహమ్మద్ అలీ.

కాటా మీద అదే బరువు.. కానీ!

1980లో అలీ వయసు 38. రిటైరై కూర్చున్నవాడు మళ్లీ ప్రపంచ టైటిల్ కోసం బరిలోకి దిగాలనుకున్నాడు. ఎదుటివాడు లారీ హోమ్స్. ఒకప్పుడు అలీకి సాధనలో తోడుగా నిలిచి దెబ్బలు కాచుకున్నవాడే. అలీ బరువు అప్పటికి 110 కిలోలు దాటింది. తగ్గాలి. ఆ తొందరలో ఒక డాక్టర్ రాసిచ్చిన థైరాయిడ్ మందును మోతాదుకు మించి వేసుకున్నాడు.

బరువు ఇట్టే తగ్గింది. పొట్ట పోయింది. జుట్టుకు నల్లరంగు కూడా వేసుకోవడంతో చూసినవాళ్లంతా పాత అలీ తిరిగొచ్చాడన్నారు. కాటా మీద నిలబడితే 98 కిలోల చిల్లర. ఆరేళ్ల క్రితం, 1974లో జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచినప్పుడు కూడా ఆయన బరువు దాదాపు అంతే!

అక్టోబరు 2న లాస్‌వేగాస్‌లో పోటీ మొదలయ్యాక గానీ అసలు సంగతి బయటపడలేదు. కాళ్లలో కదలిక లేదు, చేతుల్లో బలం లేదు. హోమ్స్ కొడుతుంటే కాచుకోవడమే సరిపోయింది. పది రౌండ్లు అయ్యాక ఇక చాలని ట్రైనర్ ఆంజెలో డండీ పోటీని ఆపించేశాడు. మొత్తం 61 పోటీల జీవితంలో అలీ ఇలా మధ్యలోనే చేతులెత్తేయాల్సి వచ్చింది ఆ ఒక్కసారే.

ఎందుకలా జరిగింది? థైరాయిడ్ హార్మోన్ మోతాదు మించితే ఒంట్లో ప్రతి కణం అవసరానికి మించి మండుతుంది. ఆ మంటకు కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా ఆహుతవుతుంది. ముఖ్యంగా తొడలు, భుజాల్లోని పెద్ద కండరాలు నీరసిస్తాయి. గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడే పరుగెడుతుంటుంది. ఇక అసలు పరుగెత్తాల్సి వచ్చినప్పుడు దానికి మిగిలేదేముంటుంది? ఒళ్లు వేడెక్కుతుంది, నీరు ఇంకిపోతుంది. కొందరిలో గుండె లయ తప్పుతుంది కూడా. అందుకే అమెరికాలో ఈ మందుతో పాటు ఇచ్చే సమాచార పత్రంలో 'బరువు తగ్గడానికి వాడకూడదు' అన్న హెచ్చరికను గడి కట్టి మరీ ముద్రిస్తారు.

కాటా ముల్లు, అద్దంలో బొమ్మ.. ఈ రెండూ ఒంట్లో ఉన్న సత్తువను చూపించవు. ఇది అర్థం కావాలంటే బాక్సర్లు నిజంగా ఎలా సిద్ధమవుతారో తెలుసుకోవాలి.

పైన గీత లేని విభాగం

బాక్సింగ్‌లో మిగతా విభాగాలన్నింటికీ పైన ఒక బరువు గీత ఉంటుంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2023లో ప్రపంచ విజేతగా నిలిచింది 50 కిలోల విభాగంలో. అంటే కాటా మీద 50 దాటకూడదు. రెజ్లింగ్‌లోనూ ఇదే పద్ధతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగట్ 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు ఫైనల్‌కు దూరమైన సంగతి మనందరికీ గుర్తే. ఈ గీత కోసమే చాలామంది క్రీడాకారులు ఆఖరి రోజుల్లో నీళ్లు మానేసి, ఆవిరి గదుల్లో కూర్చుని ఒంట్లోని నీటిని పిండేస్తారు.

ప్రొఫెషనల్ హెవీవెయిట్‌కు ఆ బాధ లేదు. 200 పౌండ్లు, అంటే సుమారు 91 కిలోలు దాటితే చాలు. పైన ఎంతున్నా ఫర్వాలేదు. కాబట్టి వీళ్ల సాధన అంతా 'ఎంత తగ్గాలి' అన్న దాని చుట్టూ తిరగదు. 'ఈ బరువును 12 రౌండ్ల పాటు మోయగలనా?' అన్నదే వాళ్ల ప్రశ్న. మనకు పనికొచ్చే ప్రశ్న కూడా అదే.

అగ్గిపుల్ల, గడ్డిమంట, కుంపటి

టైటిల్ పోటీలో 12 రౌండ్లు. ఒక్కోటి 3 నిమిషాలు. మధ్యలో ఒక్క నిమిషం విరామం. మొత్తం 36 నిమిషాల పోరు. వంద కిలోల మనిషి అంతసేపు కదులుతూ, కొడుతూ, కాచుకుంటూ ఉండాలంటే ఒంట్లో మూడు రకాల మంటలు పనిచేయాలి.

మొదటిది అగ్గిపుల్ల లాంటిది. భగ్గుమంటుంది, కానీ పది సెకన్లలో అయిపోతుంది. వరుసగా నాలుగైదు బలమైన గుద్దులు గుద్దడానికి కావాల్సిన శక్తి ఇదే. రెండోది గడ్డిమంట. ఒకటి రెండు నిమిషాలు జోరుగా మండుతుంది, ఆ తర్వాత చేతులు బరువెక్కిపోతాయి. మూడోది బొగ్గుల కుంపటి. నెమ్మదిగా రాజుకుంటుంది గానీ గంటల తరబడి ఆరదు. ఊపిరితిత్తులు, గుండె కలిసి అందించే ఆక్సిజన్‌తో నడిచేది ఇదే. మొదటి రెండు మంటలూ ఆరిపోయాక వాటిని మళ్లీ వెలిగించాల్సింది కూడా ఈ కుంపటే. మన పెద్దవాళ్లు 'దమ్ము' అన్నది దీన్నే.

1974లో ఫోర్‌మన్ వయసు 25. అప్పటికి 40 పోటీలాడి అన్నీ గెలిచాడు. వాటిలో 37 నాకౌట్లే. జో ఫ్రేజియర్, కెన్ నార్టన్ లాంటి హేమాహేమీలను రెండో రౌండ్‌లోనే పడగొట్టాడు. అగ్గిపుల్ల, గడ్డిమంట అతని దగ్గర పుష్కలం. జైర్ రాజధాని కిన్షాసాలో జరిగిన పోటీలో 32 ఏళ్ల అలీ తాళ్లకు ఆనుకుని, చేతులు అడ్డుపెట్టుకుని అతణ్ని కొట్టనిచ్చాడు. ఫోర్‌మన్ కొట్టీ కొట్టీ అలసిపోయాడు. ఎనిమిదో రౌండ్‌లో అలీ కొట్టిన దెబ్బలకు నేలకూలాడు. ఆ రోజు గెలిచింది దమ్ము.

ఇందుకే బాక్సర్ ఎంత సిద్ధంగా ఉన్నాడో చూడటానికి కండలు కొలవరు. రౌండ్ల మధ్య దొరికే ఆ ఒక్క నిమిషంలో గుండె వేగం ఎంత త్వరగా తగ్గుతోందో చూస్తారు. మీరూ ఇంట్లోనే గమనించుకోవచ్చు. రెండంతస్తులు ఎక్కాక ఆయాసం ఎంతసేపటికి సర్దుకుంటోంది? నెల రోజుల నడక తర్వాత అదే మెట్లెక్కితే తేడా మీకే తెలుస్తుంది.

పది పన్నెండు వారాల క్యాంపు

పెద్ద పోటీ ఖరారు కాగానే బాక్సర్ సాధారణంగా 8 నుంచి 12 వారాల పాటు శిక్షణ శిబిరంలోకి వెళ్తాడు. ఇల్లు, స్నేహితులు, విందులు అన్నీ దూరం. అలీ అయితే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డీర్ లేక్ అనే చోట కొండ మీద దుంగల ఇళ్లు కట్టించుకుని మరీ సాధన చేసేవాడు. కోచ్‌ను బట్టి పద్ధతులు మారతాయి గానీ, మొత్తం మీద క్రమం ఇలా ఉంటుంది.

మొదటి నాలుగు వారాలు.. పునాది: తెల్లవారుజామున పరుగు. దీన్ని వాళ్లు 'రోడ్‌వర్క్' అంటారు. మరీ భారీగా ఉన్నవాళ్లు మోకాళ్ల మీద భారం పడకుండా సైకిల్ తొక్కడం, ఈత కొట్టడం చేస్తారు. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ సాధనలో ఈతకు పెద్దపీట. 2024 మేలో తనకంటే 15 కిలోలకు పైగా బరువున్న టైసన్ ఫ్యూరీతో 12 రౌండ్లూ ఆడి గెలిచినప్పుడు అతని వయసు 37. ఈ దశలోనే బరువులెత్తడం, స్కిప్పింగ్, అడుగులు వేసే తీరు.. అన్నీ నెమ్మదిగా మొదలవుతాయి.

తర్వాతి నాలుగు వారాలు.. జోరు: ఇప్పుడు సాధన పోటీని పోలినట్టు మారుతుంది. 3 నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం విరామం. ఇసుకబస్తాలా బరువుండే సంచిని కొట్టడం, కోచ్ చేతులకు తొడుక్కున్న మెత్తలను కొట్టడం, స్పారింగ్.. అంటే తోటి బాక్సర్‌తో ఉత్తుత్తి పోటీ. స్పారింగ్‌లో తలకు రక్షణ కవచం, చేతులకు 16 ఔన్సుల మందపాటి గ్లవ్స్ వాడతారు. అసలు పోటీలో హెవీవెయిట్లు తొడుక్కునేవి 10 ఔన్సులవే.

ఆ తర్వాత రెండు మూడు వారాలు.. పతాక స్థాయి: ప్రత్యర్థి పొడగరి అయితే పొడగరులను, ఎడమచేతి వాటం వాడైతే అలాంటివాళ్లనే తెచ్చుకుని స్పారింగ్ చేస్తారు. రౌండ్ల సంఖ్య కూడా అసలు పోటీకి దగ్గరగా చేరుతుంది.

ఆఖరి వారం, పది రోజులు.. విశ్రాంతి: చాలామందికి తెలియనిది ఇదే. పోటీ దగ్గరపడే కొద్దీ సాధన పెంచరు, తగ్గిస్తారు. స్పారింగ్ ఆపేస్తారు. పరుగు తగ్గుతుంది, నిద్ర పెరుగుతుంది. ఎందుకంటే కండరం గట్టిపడేది వ్యాయామం చేస్తున్నప్పుడు కాదు. వ్యాయామంలో కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ తర్వాత తిండి, నిద్ర దొరికినప్పుడే అవి మునుపటికంటే బలంగా అల్లుకుంటాయి. ఏడాదంతా చదివిన పిల్లాడు పరీక్ష ముందు రాత్రి హాయిగా పడుకోవాలని చెబుతాం కదా. ఇదీ అంతే.

గుద్దు పుట్టేది పాదంలో

గుద్దు అనగానే మనకు జబ్బ కండ గుర్తొస్తుంది. నిజానికి గుద్దు పాదం దగ్గర పుడుతుంది. మడమ నేలను తన్నితే ఆ బలం తొడ, తుంటి, నడుముల మీదుగా మెలి తిరుగుతూ భుజానికి చేరి, చివరికి పిడికిలిలోంచి బయటికొస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె బలహీనంగా ఉన్నా గుద్దు తేలిపోతుంది. అందుకే బాక్సర్లు జబ్బల కంటే కాళ్లు, నడుము మీద ఎక్కువ సమయం పెడతారు. మన పాత తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీయించినదీ ఈ కారణంతోనే.

పొట్ట కండరాల కోసం బరువైన బంతిని పొట్ట మీదికి విసిరించుకోవడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది సిక్స్‌ప్యాక్ కోసం కాదు. కుడివైపు పక్కటెముకల కింద కాలేయం మీద గట్టి దెబ్బ తగిలితే ఎంతటివాడైనా ఊపిరాడక కూలబడిపోతాడు. దెబ్బ వచ్చే క్షణంలో పొట్ట బిగించడం అలవాటు కావడానికే ఆ సాధన. కోచ్ పర్యవేక్షణ లేకుండా ఇంట్లో అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు ప్రయోగించుకునే ఆట కాదది.

పళ్లెంలో ఏముంటుంది?

వంద కిలోల బాక్సర్ క్యాంపులో ఉన్నప్పుడు కిలో బరువుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ తింటాడు. అంటే రోజుకు 150 నుంచి 200 గ్రాములు. ఇది విని చాలామంది నేరుగా ప్రొటీన్ పొడి డబ్బా కొనేస్తారు. ఆ బాక్సర్ రోజుకు రెండు పూటలా ఒళ్లు హూనమయ్యేలా కష్టపడుతున్నాడన్న సంగతి మరచిపోతారు. అతని పళ్లెంలో అన్నం, బ్రెడ్, బంగాళాదుంప లాంటి పిండిపదార్థాలు కూడా దండిగా ఉంటాయి. ఆ మంటలకు ప్రధాన ఇంధనం అవే. అన్నం పూర్తిగా మానేసి, గుడ్ల తెల్లసొన మీదే జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు అరగంటకే నీరసించేది ఇందుకే.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల వ్యక్తికి దాదాపు 50 గ్రాములు. రోజూ వ్యాయామం చేసేవాళ్లకు ఇంకాస్త కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 7, 8 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, సెనగలు, చేప, చికెన్ కలుపుకొంటే చాలామందికి డబ్బాతో పనే ఉండదు. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని ఇదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు, ఉందని తెలియని మధుమేహులకు ఇవి మరింత ప్రమాదం.

నీటి సంగతి కూడా చూడండి. గట్టి సాధనలో భారీకాయుడికి గంటకు లీటరు, అంతకుమించి చెమట పడుతుంది. అందుకే సాధనకు ముందు, తర్వాత బరువు చూసుకుని, తగ్గిన మేరకు నీళ్లు, ఉప్పు భర్తీ చేసుకుంటారు. మన దగ్గర కొందరు ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఎండలో పరుగెడుతున్నారు. దాంతో పోయేది నీరే, కొవ్వు కాదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది. ఈలోపు వడదెబ్బ తగిలితే మాత్రం ప్రాణమే పోవచ్చు.

పొట్ట ఉన్నవాడు గెలిచాడు

2019 జూన్ 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక వింత జరిగింది. ఒకవైపు శిల్పంలా చెక్కినట్టుండే ఆంథోనీ జాషువా, 112 కిలోలు. మరోవైపు పొట్ట జారిన ఆండీ రూయిజ్, 121 కిలోలకు పైనే. పక్కింటి పెళ్లిభోజనం నుంచి నేరుగా వచ్చినట్టున్న రూయిజ్, జాషువాను నాలుగుసార్లు కింద పడేసి ఏడో రౌండ్‌లోనే గెలిచాడు. అంతకు ఆరు వారాల ముందే అతను మరో పోటీ ఆడాడు. పొట్ట కనిపించినా సాధన ఒంట్లో ఉంది.

ఆరు నెలల తర్వాత, డిసెంబరు 7న సౌదీలో మళ్లీ పోటీ. జాషువా నాలుగు కిలోలకు పైగా తగ్గి, తేలిగ్గా కదిలేలా తయారై వచ్చాడు. రూయిజ్ ఏడు కిలోలు పెరిగి వచ్చాడు. 12 రౌండ్లూ ఆడినా పాయింట్లలో చిత్తుగా ఓడాడు. విందులు, వినోదాల్లో పడి సరిగ్గా సాధన చేయలేదని తనే ఒప్పుకున్నాడు.

ఈ రెండు పోటీలను కలిపి చూడాలి. మొదటిది చూసి 'పొట్ట ఉన్నా ఫర్వాలేదు' అనుకుంటే పొరపాటు. ఒంట్లో సత్తువ పైకి కనిపించకపోవచ్చు, కానీ సాధన మానేస్తే మాత్రం కొన్ని నెలల్లోనే కరిగిపోతుంది. పదేళ్ల క్రితం కాలేజీలో కబడ్డీ ఆడిన గుర్తులతో ఇవాళ ఒక్కసారిగా మైదానంలోకి దిగే నలభై ఏళ్లవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి.

మనసు కూడా ఒంటిలో భాగమే. 2015లో వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించి ప్రపంచ విజేత అయిన టైసన్ ఫ్యూరీ ఆ తర్వాత కుంగుబాటులో కూరుకుపోయాడు. తాగుడు, మత్తుపదార్థాలు. బరువు 180 కిలోల దగ్గరకు చేరింది. మళ్లీ రింగులోకి రావడానికి అరవై కిలోలకు పైగా తగ్గాడు. కానీ అది ఒక్క నెలలో కాదు, నెలల తరబడి. తన కుంగుబాటు గురించి దాచకుండా చెప్పుకోవడంతో ఎందరికో ధైర్యం వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి తిండిలో, నిద్రలో, తాగుడులో హద్దు దాటుతుంటే 'బద్ధకం' అని తీసిపారేయకండి.

మెదడుకు కసరత్తు లేదు

ఇక డాక్టర్‌గా నేను తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది. కాళ్లు, నడుము, గుండె.. అన్నింటినీ సాధనతో బలపరచుకోవచ్చు. మెదడును మాత్రం దెబ్బకు తట్టుకునేలా తయారుచేయలేం. మెదడు పుర్రె లోపల నీటిలో తేలే మెత్తటి ముద్ద లాంటిది. దవడ మీద గుద్దు పడితే తల గిర్రున తిరుగుతుంది, లోపల మెదడు ఒక క్షణం ఆలస్యంగా మెలితిరుగుతుంది. అప్పుడు సన్నటి నరాల పోగులు సాగి, తెగుతాయి. బాక్సర్లు మెడకు బరువులు కట్టుకుని కండరాలు పెంచేది తల ఊగడం తగ్గించుకోవడానికే. దానివల్ల ముప్పు కొంత తగ్గుతుంది, తీరిపోదు. తలకు పెట్టుకునే కవచం కూడా చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ, లోపల మెదడు కుదుపును పెద్దగా ఆపలేదు.

తలకు పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లలో మాట ముద్దరావడం, నడక తూలడం, మతిమరుపు కనిపిస్తున్నాయని 1928లోనే అమెరికాలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే పాథాలజిస్ట్ రాశారు. అలీ స్పారింగ్‌లో సైతం ఒళ్లు గట్టిపడుతుందన్న నమ్మకంతో దెబ్బలు తినేవాడు. 1984లో ఆయనకు పార్కిన్సన్స్ లక్షణాలు ఉన్నట్టు తేల్చారు. 2016లో 74వ ఏట కన్నుమూసేదాకా ఆ చేతుల వణుకును ప్రపంచమంతా చూసింది. ఆ జబ్బుకు దెబ్బలే ఏకైక కారణమని ముద్ర వేయలేం. కానీ తలకు పదేపదే దెబ్బలు తగిలితే ఇలాంటి సమస్యల ముప్పు పెరుగుతుందన్నది మాత్రం నిజం. అందుకే ఇప్పటి తెలివైన కోచ్‌లు స్పారింగ్‌ను లెక్కపెట్టి మరీ చేయిస్తున్నారు. నాకౌట్ అయిన బాక్సర్‌ను మళ్లీ వెంటనే రింగులోకి రానివ్వకుండా వైద్య నిషేధం పెడుతున్నారు.

పిల్లల్ని బాక్సింగ్ కోచింగ్‌కు పంపొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. స్కిప్పింగ్, అడుగులు, సంచిని కొట్టడం నిక్షేపంగా నేర్పించండి. క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం వస్తాయి. తలకు దెబ్బలు తగిలే స్పారింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త. అమెరికా, కెనడాల్లోని పిల్లల వైద్యుల సంఘాలు పిల్లలకు బాక్సింగ్ పోటీలు వద్దనే చెబుతున్నాయి.

బాక్సర్ నుంచి మనం తెచ్చుకోవాల్సినవి

• ముందు పరీక్ష, తర్వాత సాధన: బాక్సర్‌కు వైద్యపరీక్షలు చేయకుండా లైసెన్స్ ఇవ్వరు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవాళ్లు జిమ్‌లో చేరేముందు డాక్టర్‌ను కలవాలి. వ్యాయామంలో ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే వయసుతో పని లేదు, వెంటనే చూపించుకోవాలి.

• పునాదితో మొదలు: మొదటి నెల నడక, సైకిల్, తేలికపాటి బరువులు చాలు. మాట్లాడగలిగేంత వేగం, పాట పాడలేనంత వేగం.. అదీ కొలత.

• మెట్టు మెట్టుగా పెంచండి: ఈ వారం చేసినదానికి వచ్చేవారం కొంచెమే కలపాలి. మొదటిరోజే వందల బస్కీలు తీయడం మగతనం కాదు, కిడ్నీలకు ముప్పు.

• వారంలో కనీసం ఒకరోజు సెలవు, రోజూ ఏడెనిమిది గంటల నిద్ర: ఇది సాధనలో భాగమే.

• ఎవరి మందు వారికే: థైరాయిడ్ మాత్రలు, ఒంట్లో నీటిని తీసే మాత్రలు, స్టెరాయిడ్లు.. జిమ్‌లో ఎవరు చెప్పినా వాడొద్దు. ఏ సీసా అయినా, ఏ సూది అయినా డాక్టర్‌కు చూపించాకే.

ఇవి కనిపిస్తే ఆగొద్దు.. ఆస్పత్రికి వెళ్లండి

• గట్టి వ్యాయామం తర్వాత కండరాలు వాచి, భరించలేని నొప్పితో మూత్రం కూల్‌డ్రింక్ రంగులోకి మారితే.. కండరాలు చితికి, ఆ వ్యర్థాలు కిడ్నీలను దెబ్బతీస్తున్నాయని అర్థం.

• ఎండలో సాధన చేస్తూ తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా.. వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి.

• తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ఒకే వస్తువు రెండుగా కనిపించడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం.. మెదడులో రక్తస్రావం కావచ్చు. 'కాసేపు పడుకుంటే తగ్గుతుంది' అని నిద్రపుచ్చకండి.

• ఏ కారణమూ లేకుండా గుండెదడ, చేతుల వణుకు, ఉన్నట్టుండి బరువు తగ్గడం.. థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఏయే మందులు వాడుతున్నారో దాచకుండా చెప్పండి.

చివరగా మన కుర్రాడి సంగతి. మాత్రలు ఆపించాం. థైరాయిడ్ మందు ప్రభావం ఒక్కరోజులో పోదు, కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా గుండె వేగాన్ని అదుపులో ఉంచే మందు ఇచ్చాం. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. నాడి 76. బరువు మాత్రం నాలుగు కిలోలు పెరిగింది. "సార్, నడుము మళ్లీ వచ్చేసింది" అన్నాడు కాస్త దిగులుగా. లిఫ్ట్ పనిచేయట్లేదు కదా, మూడో అంతస్తుకు ఎలా వచ్చావని అడిగాను. "మెట్లెక్కే వచ్చా సార్. మధ్యలో ఎక్కడా ఆగలేదు" అన్నాడు. పోయినసారి కుర్చీలోంచి లేవడానికే తొడలు వణికిన మనిషి! మరి ఇందులో దిగులు పడాల్సింది ఏముందని అడిగితే నవ్వాడు.

వాళ్లమ్మ ఇప్పుడు థైరాయిడ్ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారట. మీ ఇంట్లోనూ పిల్లలు జిమ్‌కు వెళ్తుంటే, మందుల డబ్బాలో మాత్రలు ఓసారి లెక్కపెట్టి చూసుకోండి. వాళ్లను అనుమానించమని కాదు. మాట్లాడటానికి అదో అవకాశం.